విడిచినదేమి? నిలుపుకొన్నదేమి?



శతవార్షికోత్సవ వేళ మన చూపు వెనుకకు మళ్లుట సహజము. మన పెద్దలు పొందిన మొదటి బాప్తిస్మములను, వారు తలపై రాళ్లు మోసి కట్టిన గుడులను తలచుకొని దేవుని స్తుతించుట తగినదే. అయితే వెనుకటి సంగతులను మరచి గురివైపు సాగుచున్నానని పౌలు ఫిలిప్పీ సంఘమునకు వ్రాసెను. ఆయన మరచినది పాపములను మాత్రమేనా? అదే మూడవ అధ్యాయములో ఆయన వరుసగా చెప్పినవి చూడుడి: తన గోత్రము, తన వంశము, ధర్మశాస్త్రమందు తన నిష్ఠ. అవన్నియు గొప్పలే. పాపమును విడుచుట కష్టము. గొప్పను విడుచుట అంతకన్న కష్టము. దక్షిణ ఇండియా సంఘ ఐక్యతా చరిత్ర మనకు నేర్పు పాఠమిదే.

తెలుగు దేశమునకు సువార్త ఒక్క దారిన రాలేదు. 1841లో మచిలీపట్నమునకు వచ్చిన నోబుల్, ఫాక్స్ దొరగార్లు ఆంగ్లికన్ సంఘమువారు. నంద్యాల ప్రాంతమున పనిచేసిన ఎస్.పి.జి. మిషను కూడ ఆంగ్లికనే. కడప, గుత్తి ప్రాంతములలో లండన్ మిషను, మెదక్ ప్రాంతమున వెస్లియన్ మెథడిస్టు మిషను పనిచేసినవి. వారందరు ప్రకటించిన క్రీస్తు ఒక్కడే. కాని ఇంగ్లండు దేశపు పాత వాదములలో పుట్టిన పేర్లు మన పల్లెలకును వచ్చినవి. ఒకే రక్షకుని నమ్మినవారు ఒకే బల్లయొద్ద కూర్చుండలేకపోయిరి.

ఈ బాధతోనే 1919 మే 1, 2 తేదీలలో 33 మంది సేవకులు తరంగంబాడిలో కూడిరి. ఇద్దరు తప్ప అందరు భారతీయులే. ఈ కూటమునకు నడుము కట్టినవారిలో ముఖ్యులు దోర్నకల్ బిషప్ అజరయ్యగారు. తిరునెల్వేలి సీమలో పుట్టి, తెలుగు నేర్చుకొని మన మధ్య సేవచేసిన ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్ అయిరి. ఈ విభజనలు మనము చేసినవి కావు, వెలుపలినుండి మనపై పడినవి అని ఆ కూటము స్పష్టముగా చెప్పెను.

చెప్పుట సులభము. నెరవేరుటకు 28 సంవత్సరములు పట్టెను. చిక్కు ముఖ్యముగా గురుపట్టము దగ్గర వచ్చినది. బిషప్పులు లేని సంఘమును ఆంగ్లికనులు ఒప్పుకొనలేకపోయిరి. తమ పాదిరులకు మరల పట్టమియ్యవలెననుటను తక్కినవారు అవమానముగా ఎంచిరి. చివరకు ఇట్లు సమాధానపడిరి: బిషప్పుల పరిచర్య నిలుచును, అప్పటికే పట్టము పొందినవారు ఉన్నవారు ఉన్నట్లే అంగీకరింపబడుదురు, ఇకమీదట పట్టములన్నియు బిషప్పుల హస్తములద్వారా జరుగును, ఏ సంఘముమీదను అలవాటులేని ఆరాధనను బలవంతముగా రుద్దరాదు. ప్రతివారును కొంత విడిచిరి. విడిచినది దేవుడిచ్చిన వరమును కాదు, మాదే సరియైనదను అతిశయమును.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో ఐక్య సంఘము ప్రారంభమాయెను. మెథడిస్టు సేవకులైన ఫ్రాంక్ విట్టేకర్ గారు మెదక్ బిషప్పుగా ఆనాడే అభిషిక్తులైరి. అజరయ్యగారు ఆ దినమును చూడలేదు. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించిరి. నెబో కొండపైనుండి వాగ్దాన దేశమును చూచిన మోషేవలె ఆయనయు దూరమునుండియే చూచిరి.

అందరును ఆనాడే రాలేకపోయిరి. నంద్యాల ప్రాంతమున అనేకులు వెలుపలనే నిలిచిరి. 1963లో అక్కడ వేరుగా ఒక అధ్యక్ష మండలము ఏర్పడెను. 1975లో అది ఐక్య సంఘములో చేరెను. అది మరియొక 28 సంవత్సరములు! వారిని నిందింపవద్దు. తల్లిగా పెంచిన సంఘము పేరు విడుచుట ఎవరికి సులభము? ఆలస్యముగా వచ్చినవారికిని బల్లయొద్ద చోటు ఉండెను. అదియే ముఖ్యము.

ఐక్య సంఘము 1950లో సిద్ధపరచిన సంస్కారపు ఆరాధనక్రమములో ఒక మంచి ఆచారమున్నది. సమాధాన వందనము బల్లయొద్దనుండి బయలుదేరి చేతినుండి చేతికి సంఘమంతట సాగును. నేను సేవచేసిన ఒక సంఘములో ఆ వందనము ఒక పెద్దవద్దకు వచ్చి ఆగిపోయెడిది. ప్రక్కనున్న పెద్దకు ఆయన చెయ్యి ఇయ్యడు. రెండు కుటుంబములు వేర్వేరు మిషనులనుండి వచ్చినవి. నా తండ్రిదియు వారిలో ఒకరి మిషనే గనుక, మాటపడుదునేమోనని నేను ఏడాది ఊరకుంటిని. అది నా తప్పు. చివరకు ఒక సాయంకాలము ఆయన యింటికి వెళ్లి అడిగితిని. ఆయన చాలసేపు తల వంచుకొని, “అయ్యగారూ, ఆ తగవు దేనికో నాకును తెలియదండి. మా నాయన మాట్లాడలేదు, నేనును మాట్లాడలేదు” అనిరి. తరువాతి సంస్కారపు ఆదివారమున ఆయన చెయ్యి చాచిరి. ఆ చెయ్యి వణకుచుండెను.

ప్రియులారా, మా తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడి అన్నట్లు మన శతవార్షికోత్సవము ఉండకూడదు. మెథడిస్టుల పాటలను, ఆంగ్లికనుల ఆరాధనక్రమమును, లండన్ మిషను నేర్పిన సంఘస్థుల బాధ్యతను నిలుపుకొందము. మిషను పేరును, కులము పేరును, కారణము మరచిపోయిన పగలను విడిచిపెట్టుదము. వచ్చే ఆదివారము సమాధానము మీ చేతికి వచ్చినప్పుడు, ప్రక్కన ఎవరున్నారో చూడక అందించుడి.

మన పితరులను నడిపించిన ప్రభువు మనలను ముందుకు నడిపించును గాక. ఆమేన్.