పాత రూపాయి విలువ: వయసా, వెండా, అరుదుతనమా?

మా బాబాయి దగ్గర ఒక 1912 రూపాయి ఉంది. దానికి లక్షలు వస్తాయని, ముందుగా ఫీజు కడితే చాలని ఎవరో ఫోన్ చేశారట. ఆయన నన్ను అడిగితే, ఈ సంగతి కాస్త లోతుగా చదివాను.

1912 రూపాయి పక్కన 1911 రూపాయి పెట్టి చూడండి. రెండింటి మీదా ఐదో జార్జి బొమ్మే. రెండూ 180 గ్రెయిన్లు, అందులో 165 గ్రెయిన్లు వెండి. 1835లో కంపెనీ స్థిరపరచిన ప్రమాణమే అది. కంసాలి త్రాసులో రెండూ ఒకటే. కానీ సేకర్తలు 1911 దానికే ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తారు. కారణం ఒక ఏనుగు! రాజు వేసుకున్న హారంలోని బుల్లి ఏనుగు 1911 అచ్చులో పందిలా కనిపించిందని ముస్లింలు అభ్యంతరం చెప్పారు. సుమారు 94 లక్షల నాణేలు ముద్రించినా, విడుదలైనవి దాదాపు 7 లక్షలే. మిగతావి కరిగించారు. 1912లో ఏనుగును సరిదిద్దారు. బాబాయి దగ్గరున్నది ఈ సరిదిద్దిన రకం.

పాతదైతే చాలు, ధర పెరుగుతుందని నేనూ అనుకునేవాడిని. 18వ శతాబ్దపు బెంగాల్‌లో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కొత్త సిక్కా రూపాయికి పూర్తి విలువ. ఏళ్లు గడిస్తే అదే వెండికి షరాఫులు ‘బట్టా’ కోసేవారు. ఆ నష్టం చివరికి శిస్తు కట్టే రైతు మీదా పడేది. బట్టాను పోగొట్టడానికి కంపెనీ నాణెం మీద షా ఆలం 19వ పాలనా సంవత్సరాన్నే శాశ్వతం చేసింది. ఆయన 1806లో చనిపోయాక కూడా అదే పేరు, అదే సంవత్సరం! అంటే నాణెం మీది సంవత్సరాన్ని బట్టి దాని వయసు కూడా చెప్పలేం. (బట్టా గురించి మెయిన్స్‌లో రాసేటప్పుడు ఈ ఉదాహరణ పనికొస్తుంది.)

లోహం మారినా గిరాకీ మారుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, రూపాయిలో వెండిని 91.7 శాతం నుంచి 50 శాతానికి తగ్గించారు. పాత ప్రమాణంలో చివరిదైన 1939 రూపాయి దొరకడం చాలా కష్టం. ఇక నాణెం స్థితి సంగతి: చింతపండుతో తోమిన రాగి నాణెం మనకు తళతళలాడుతుంది, సేకర్తకు మాత్రం పాడైపోయినట్టే.

తన పేరు చెప్పి పాత నాణేల కొనుగోలుకు ఫీజులు, కమీషన్లు, పన్నులు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఆ ప్రకటన బాబాయికి పంపాను. డబ్బు కట్టొద్దన్నాను, నాణెం తోమొద్దని కూడా చెప్పాను.