లేని అంకె విలువెంత?

గణితంలో రుణమంటే అప్పేగా! అప్పుకి వర్గమూలం లేదని తొమ్మిదో శతాబ్దిలోనే మహావీరాచార్యుడు తేల్చేశాడు. ఆయన గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెనిగించాడు. 1572లో బొంబెల్లీ అనే ఇటలీ ఆయన మాత్రం ఆ లేని అంకెతోనే సరైన జవాబులు రాబట్టాడు. దానికి తర్వాత ‘ఊహాసంఖ్య’ అని పేరొచ్చింది.

1959లో మా వరంగల్లులో వెలసిన ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు కరెంటు లెక్కల్లో దాన్ని ‘జె’ అంటారు. అక్కడది ఒట్టి సౌకర్యం. సైన్లూ కొసైన్లతో తంటాలుపడినా లెక్క తేలుతుంది. మరి 1926లో ష్రోడింగర్ సమీకరణంలో చేరిందే, అక్కడో? ఆయనకే అది మింగుడుపడలేదు.

2018 నుంచి శాస్త్రజ్ఞులు దాన్ని పచారీ సరుకులా తూచడం మొదలెట్టారు. ఊహ కలవని స్థితికి ఖరీదు సున్నా. నాకు వింతగా తోచింది 2021 నాటి ఫలితం: దూరదూరంగా ఉన్న ఇద్దరు ఫోనులో మాట్లాడుకుంటూ ఇట్టే వేరుచేయగల కొన్ని క్వాంటం స్థితుల్ని, ఆ సరుకు లేకపోతే బొత్తిగా వేరుచేయలేరట!