ఆఖరి వంతుకు మిగిలినవారు

ధర వేరు, విలువ వేరు అన్న సంగతి చోడవరం, అనకాపల్లి ప్రాంతాల వారికి ఒకరు చెప్పనక్కరలేదు. చెరకు పండించేవారి నేల అది. బెల్లం మార్కెట్టులో దిమ్మకు ధర పలికేది మొదట దాని రంగును చూసి. పసుపుపచ్చగా మెరిసేదానికి గిరాకీ ఎక్కువ, నల్లబడిన దానికి తక్కువ. ఆ మెరుపు ఒక్కోసారి పాకంలో కలిపిన హైడ్రోస్ మహిమ అని అమ్మేవారికీ తెలుసు, కొనేవారికీ తెలుసు. అయినా కన్ను చూసిందే ధర అవుతుంది. తీపి సంగతి ఇంటికి వెళ్ళి నోట్లో వేసుకున్నాక గాని తేలదు. ఆటగాళ్ళను ఎంచుకునే పద్ధతుల చరిత్ర చదువుతున్నప్పుడు నాకు ఈ బెల్లం దిమ్మలే గుర్తుకు వచ్చాయి.

మన పల్లెల్లో చెడుగుడుకు జట్లు పంచుకునే తీరు చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. సమవుజ్జీలైన ఇద్దరు పిల్లలు చాటుకు వెళ్ళి చెరొక మారుపేరు పెట్టుకుని వచ్చి, నాయకులను కోరుకోమంటారు. నాయకుడు కోరుకునేది పేరునే గాని మనిషిని కాదు. ఈ పద్ధతిలో ఆఖరున మిగిలిపోయామన్న చిన్నతనం ఎవరికీ ఉండదు. అమెరికా వారు కనిపెట్టిన డ్రాఫ్ట్ పద్ధతి దీనికి భిన్నమైనది. అక్కడ ప్రతి ఆటగాడికీ ఒక వరుస సంఖ్య పడుతుంది, అది జన్మంతా అతని వెంట నడుస్తుంది. ఫిలడెల్ఫియా ఫుట్‌బాల్ జట్టు యజమాని బెర్ట్ బెల్ ప్రతిపాదించగా 1936లో తొలి డ్రాఫ్ట్ జరిగింది. వెనుకబడిన జట్టు ముందుగా ఎంచుకోవాలన్నది అందులోని సూత్రం. బాస్కెట్‌బాల్ వారు 1947లో దాన్ని స్వీకరించారు. 1989 నుండి ఎన్‌బీఏ డ్రాఫ్టును రెండు వంతులకే కుదించారు.

ఆ రెండో వంతులో చివరకు మిగిలినవారి కథలే చరిత్రకు రుచి. 1999లో శాన్ ఆంటోనియో జట్టు 57వ వ్యక్తిగా అర్జెంటీనాకు చెందిన మను జినోబిలిని ఎంచుకుంది. అతడు ఆ జట్టుతో నాలుగుసార్లు విజేతగా నిలిచాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో 29 పాయింట్లు సాధించి, అమెరికానే ఓడించిన అర్జెంటీనా జట్టును స్వర్ణపతకం దాకా నడిపించాడు. 2014లో డెన్వర్ జట్టు 41వ వ్యక్తిగా సెర్బియా యువకుడు నికోలా యోకిచ్ పేరు చెప్పినప్పుడు అమెరికా టెలివిజన్లో ఒక తినుబండారాల ప్రకటన నడుస్తోంది. ఎగరలేడు, పరుగెత్తలేడు, ఒళ్ళు బరువు అన్నారు. అతడు 2021, 2022, 2024 సంవత్సరాలలో లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు, 2023లో డెన్వరుకు తొలి కిరీటం తెచ్చాడు. అందరూ అతని ఒళ్ళు చూశారు, చేతుల్లోని చూపును చూడలేదు.

అసలు జట్ల యజమానులకే ఇంత కష్టమైన పనిని సామాన్య ప్రేక్షకుడి వినోదంగా మార్చినవే ఫాంటసీ ఆటలు. 1960ల తొలినాళ్ళలో ఓక్లాండులో విన్‌కెన్‌బాక్ అనే ఆయన మిత్రులతో కలిసి ఫుట్‌బాల్‌లో ఇందుకు శ్రీకారం చుట్టాడు. 1980లో న్యూయార్కులో డేనియల్ ఓక్రెంట్ బేస్‌బాల్‌కు దీన్ని ఒక శాస్త్రంగా మలిచాడు. బాస్కెట్‌బాల్‌లో సాధారణంగా పన్నెండు మంది కూర్చుని తలా పదమూడు మందిని ఎంచుకుంటారు. వంతు పాములా మెలికలు తిరుగుతుంది. మొదట ఎంచుకున్నవాడికి మళ్ళీ అవకాశం 24వ స్థానంలోనే. తొలి నాలుగైదు వంతులు అందరికీ తెలిసిన పేర్లతోనే గడిచిపోతాయి. నూరవ పేరు దాటాక మొదలవుతుంది అసలైన పరీక్ష.

అక్కడ ఏమి చూడాలి? మొదటిది, ఆటగాడికి దక్కిన కాలం. 20 నిమిషాల్లో 8 పాయింట్లు, 6 రీబౌండ్లు సాధించేవాడు 30 నిమిషాలు ఆడితే, అదే వేగం నిలిచినట్లయితే, 12 పాయింట్లు, 9 రీబౌండ్లు సాధిస్తాడు. కాబట్టి అతని ముందున్న ఆటగాడు జట్టు మారాడా, గాయపడ్డాడా అన్నది తెలుసుకోవాలి. రెండోది, కంటికి ఆనని పనులు. పాయింట్లు చేసేవాడి పేరు పత్రికల్లో వస్తుంది. బంతిని లాక్కునేవాడి పేరు, అడ్డుకునేవాడి పేరు రాదు. కానీ తొమ్మిది అంశాల లెక్కలో వాటికీ పాయింట్లతో సమానమైన బరువుంది. మూడోది, నిరుటి అపకీర్తి. గాయంతో ఏడాది పోగొట్టుకున్నవాణ్ణి జనం ఇట్టే మరచిపోతారు.

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోకండి. విశాఖలో పెరిగిన కోన శ్రీకర్ భరత్ 2015లో గోవాపై 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో త్రిశతకం చేసిన తొలి వికెట్ కీపర్ అయ్యాడు. అయినా 2021 ఐపీఎల్ వేలంలో బెంగళూరుకు అతడు దొరికింది కనీస ధర 20 లక్షలకే. ఆ ఏడాది అక్టోబరు 8న ఢిల్లీపై ఆఖరి బంతికి ఐదు పరుగులు కావలసి ఉండగా సిక్సర్ కొట్టి, 78 పరుగులతో అజేయంగా నిలిచాడు. మరుసటి ఏడు అతని ధర 2 కోట్లు!

నితీశ్ కుమార్ రెడ్డిదీ విశాఖే. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో అతడు చేసిన పరుగులు 1237. నాగాలాండ్‌పై ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. ఇవి రహస్యపు లెక్కలు కావు, అచ్చయిన అంకెలు. 2022 డిసెంబరు వేలంలో హైదరాబాదు జట్టు ఒక విదేశీ బ్యాటర్‌కు 13.25 కోట్లు పెట్టి, ఈ కుర్రవాణ్ణి 20 లక్షలకు తీసుకుంది. 2024లో 6 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకుంది. ఆ డిసెంబరులోనే మెల్బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి 114 పరుగులు చేశాడు.

అయితే చివరి వరుసలో ఉన్నవారంతా మాణిక్యాలు కారు. పంజాబు పల్లె నుండి వెళ్ళిన సత్నాం సింగ్ 2015లో 52వ స్థానంలో ఎంపికై, ఎన్‌బీఏకు ఎంపికైన భారతదేశంలో పుట్టిన తొలి ఆటగాడయ్యాడు గాని, ఆ లీగులో ఒక్క ఆటైనా ఆడలేదు. ఆఖరి ఎంపికల్లో ఎక్కువ భాగం వ్యర్థమే. కాని నష్టం చిన్నది, లాభం పెద్దది. తొలి వంతులో తప్పు చేయకుండా ఉండటం నేర్పు. ఆఖరి వంతులో తప్పుకు వెరవకుండా ఉండటం నేర్పు. ఈ సూత్రం డబ్బు పందేలకు వర్తిస్తుందని మాత్రం ఎవరూ పొరబడవద్దు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం సొమ్ము ఒడ్డి ఆడే ఫాంటసీ ఆటలను దేశమంతటా నిలిపివేసింది. స్నేహితుల మధ్య సరదాకు మిగిలిన ఆటలోనే అసలు రసం ఉంది.

గమనించవలసిందేమిటంటే, భరత్, నితీశ్ ఎక్కడో దాగి ఉన్నవారు కారు. వారి పరుగులు స్కోరు పుస్తకాల్లోనే ఉన్నాయి. చూసేవారి కళ్ళే పెద్ద పేర్ల మీద ఉన్నాయి. విశాఖ నగరపు పిల్లలకే ఇంత ఆలస్యమైతే, స్కోరు రాసేవాడైనా లేని మైదానాల్లో ఆడే చోడవరం, మాడుగుల పిల్లల మాటేమిటి? అంకెల్లోకి ఎక్కినవాణ్ణి ఆలస్యంగానైనా ఎవరో ఒకరు వెతికి పట్టుకుంటారు. అంకెల్లోకే ఎక్కనివాడికి ఆఖరి వంతు కూడా రాదు. పల్లె మైదానానికి మొదట కావలసింది వేలంపాట కాదు, ఒక స్కోరు పుస్తకం.