తప్పిపోయిన కుమార్తెలు: బైబిల్ స్త్రీల కథలు, దళిత చదువు

బైబిల్‌లో స్త్రీలు చాలామందే ఉన్నారు. వాళ్ల మాటలే తక్కువ. దావీదు మనుషులను పంపి బత్షెబను పిలిపించుకున్నాడు. ఆ రాత్రి ఆమె ఏమనుకుందో గ్రంథం చెప్పదు. యాకోబు కూతురు దీనాపై అత్యాచారం జరిగితే తండ్రి, అన్నలు, అవతలి ఊరి పెద్దలు మాట్లాడతారు. దీనా నోట ఒక్క మాటా రాదు. ఈ మౌనాల నుంచే ఒక కొత్త కథాసాహిత్యం పుట్టింది.

రెండు దారులు

మొదటిది భక్తి దారి. అమెరికా రచయిత్రి ఫ్రాన్సీన్ రివర్స్ 2000–2001లో తామారు, రాహాబు, రూతు, బత్షెబ, మరియల మీద ఐదు చిన్న నవలలు రాశారు. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని యేసు వంశావళిలో కనిపించే స్త్రీలు ఈ ఐదుగురే. రెండోది ప్రశ్నించే దారి. యూదు రచయిత్రి అనిత డయమంట్ 1997లో ‘ది రెడ్ టెంట్’ నవలను దీనా గొంతుతోనే చెప్పించారు. మన పొరుగున మలయాళంలో కె.ఆర్. మీరా, చెడ్డ స్త్రీకి మారుపేరైన యెజెబెలు పేరును నేటి కాలపు ఒక డాక్టరుకు పెట్టి, విడాకుల కోర్టులో నిలబెట్టి నవల రాశారు.

తెలుగులో

తెలుగులో బైబిల్ కథ ముందు పద్యంగా వచ్చింది. గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. బైబిల్ కథను దళిత స్త్రీ జీవితంలోకి దించిన రచయిత్రి ఎం.ఎం. వినోదిని. లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని ఆమె తప్పిపోయిన కుమార్తె కథగా మార్చారు. సువార్తవాణి అనే దళిత క్రైస్తవ అమ్మాయి యూనివర్సిటీకి వెళ్తుంది. బ్రాహ్మణ స్నేహితురాలి ఇంటి తీరుకు ఆకర్షితురాలై సొంత ఇంటిని చూసి సిగ్గుపడుతుంది. ఆ స్నేహితురాలి ఇంట్లోనే కులం తన అసలు ముఖం చూపాక తల్లిదండ్రుల దగ్గరికి తిరిగొస్తుంది.

లూకాలోని కుమారుడు ఆస్తిలో వాటా అడిగి తీసుకుని ఖర్చు చేస్తాడు. ఈ కూతురికి ఖర్చు చేయడానికి ఆస్తి లేదు. ఆమె పోగొట్టుకోబోయింది తన పేరును, తన ఇంటి తిండిని, తనవాళ్లను. లూకా ఉపమానంలో తల్లి ప్రస్తావనే లేదన్నది కూడా గమనించాలి.

పేరు ఎందుకు ముఖ్యం?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ–సి కిందికి వస్తారు. ఆ వర్గానికి ఉన్నది ఒక్క శాతం రిజర్వేషన్. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పింది. సువార్త అనే పేరు విని కులం గుర్తుపట్టే ఊరు, సర్టిఫికెట్ దగ్గరికొచ్చేసరికి ఆ కులమే లేదంటుంది. వినోదిని కథను ఈ నేపథ్యంలో చదవాలి.

బొగ్గు బావుల దగ్గర రూతు

రామగుండం, గోదావరిఖని పాఠకులకు దగ్గరగా అనిపించే కథ రూతుది. ఇద్దరు విధవలు, అత్తాకోడళ్లు, తిండి కోసం ఊరు మారతారు. కోత కోసేవాళ్ల వెనక రూతు పరిగె ఏరుతుంది. తెలుగు బైబిల్ వాడిన ‘పరిగె’ కూలి ఆడవాళ్లకు కొత్తగా నేర్పాల్సిన మాట కాదు. చివరికి రూతు భవిష్యత్తు ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దల ముందు తేలుతుంది. అక్కడ ఆమె లేదు. సింగరేణి కార్మికుడు చనిపోతే కారుణ్య నియామకం భార్యకా, కొడుక్కా, కూతురికా అన్న ప్రశ్న వచ్చే ఇళ్లలో ఈ ఘట్టం పాత కథలా వినిపించదు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి దూరం పెట్టింది. 2019లో సడలింపు ఇచ్చింది సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనులకే. బావి మీద బతికే కుటుంబంలో స్త్రీ వాటా ఎంత అన్నది రూతు కథ అడిగే ప్రశ్నే.

చదివేటప్పుడు

అమెరికా నల్లజాతి వేదాంతి డెలోరెస్ విలియమ్స్ 1993లో హాగరును బానిస స్త్రీగా, యజమానురాలి చేతిలోనే నలిగిన స్త్రీగా చదివి చూపారు. శారా, హాగరు ఇద్దరూ స్త్రీలే కానీ ఇద్దరి స్థానం ఒకటి కాదు. సువార్తవాణి, ఆమె స్నేహితురాలి విషయంలోనూ అంతే. అందుకే ఏ పునఃకథనం చేతికొచ్చినా మూడు సంగతులు చూడాలి. కథ ఎవరి నోట నడుస్తోంది? పని ఎవరు చేస్తున్నారు, తిండి ఎవరికి దక్కుతోంది? ఆ స్త్రీ ఓర్పును మాత్రమే మెచ్చుకుంటున్నారా, ఆమెకు జరిగిన అన్యాయానికి కూడా పేరు పెడుతున్నారా?

దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్‌గా ఈ. పుష్పలలిత 2013లో నంద్యాల అధ్యక్ష మండల బాధ్యత తీసుకున్నారు. వేదిక మీద స్త్రీ నిలబడటానికి అన్నేళ్లు పట్టింది. కథకు అంత అనుమతి అక్కర్లేదు. మన వాడల్లో రూతులు, మరియమ్మలు, సువార్తమ్మలు ఉన్నారు. వాళ్ల కథలు రాయాల్సినవాళ్లు ఆ ఇళ్లలోని చదువుకున్న కూతుళ్లే.