పలం నుంచి చెంచా దాకా

మా అమ్మమ్మ చేతిరాత పుస్తకంలో "చింతపండు ఏబలం, బెల్లం పదలం" అని ఉంటుంది. వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గర తక్కెడ లేదు, ఉన్నవల్లా నాలుగు చెంచాలు. దానికోసం ఈ లెక్కలన్నీ విప్పాల్సి వచ్చింది.

మన కోస్తా వైపు తూకానికి ఆధారం వీశ. వీశకు నలభై పలాలు, పలానికి మూడు తులాలు. పది పలాలు పదలం, ఐదు పలాలు ఏబలం. మాటలోనే లెక్క దాగుంది చూశారా! తులం 11.66 గ్రాములు కాబట్టి పలం 35 గ్రాములు, ఏబలం 175, వీశ 1.4 కిలోలు. ఇక శేరు అంటే 80 తులాలు, 933 గ్రాములు.

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కొట్లలోకి కిలోలు దిగాయి. అంతకు ముందే, 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. అంటే ఏడాదిన్నర తేడాలో అణాలూ పోయాయి, వీశలూ పోవడం మొదలైంది. బడి మొహం చూడని ఆడవాళ్ళు కూడా కొట్టు ముందు నిలబడి రెండు లెక్కలూ మనసులోనే మార్చుకున్నారు. మనకి ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉండి కూడా తడబాటే!

అయితే తూకం కొట్టు వరకే. ఇంట్లో కొలతే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. బియ్యమైనా, ఆవకాయలో కారమైనా గిన్నెతోనే కొలిచేవాళ్ళు. అందుకే చెంచా కొలత మనకి పరాయిదేమీ కాదనిపిస్తుంది నాకు. కాకపోతే గోపురంలా పోయాలా, అంచుకు సమంగా పోయాలా అన్నది చేతివాటాన్ని బట్టి ఉండేది. అమెరికాలో ఫానీ ఫార్మర్ అనే ఆవిడ 1896లో తెచ్చిన వంటల పుస్తకంలో పట్టుబట్టింది దీనిమీదే. చెంచా నింపి, పైన కత్తితో సమంగా గీసెయ్యమంది.

అలా గీసిన పెద్ద చెంచా 15 మిల్లీలీటర్లు, చిన్నది 5. కానీ అదే పెద్ద చెంచాలో గోధుమపిండి 8 గ్రాములు, పంచదార పన్నెండున్నర, నెయ్యి పదమూడు పైన, మెత్తటి ఉప్పు 18 దాకా తూగుతాయి. కాబట్టి పలం నెయ్యి అంటే రెండున్నర చెంచాలు, పలం పంచదార మూడుకి కాస్త తక్కువ, పలం పిండి నాలుగు పైన. అన్నిటికీ ఒకే లెక్క వేస్తే కుదరదు.

అసలు చిక్కు ఉప్పుతోనే. రాళ్ళ ఉప్పు గిన్నెలో సందులు వదిలి కూర్చుంటుంది, ప్యాకెట్ ఉప్పు ఒత్తుగా సర్దుకుంటుంది. అమ్మమ్మ "సోల ఉప్పు" అన్నది రాళ్ళ ఉప్పు దంచి కొలిచిన సోల. రాళ్ళని దంచకుండా అదే సోలతో పోస్తే ఉప్పు చాలక ఆవకాయ బూజు పడుతుంది. పచ్చళ్ళకి మాత్రం ఉప్పు గ్రాముల్లోనే రాసిచ్చాను, చిన్న తక్కెడ ఒకటి కొనుక్కోమని కూడా చెప్పాను.

మీ పిల్లలు ఆస్ట్రేలియాలో ఉంటే ఇంకో మాట. అక్కడి పెద్ద చెంచా 20 మిల్లీలీటర్లు. మన మూడు చెంచాలంటే అక్కడ నాలుగు అయిపోతాయి. చెంచాలు అని కాకుండా మిల్లీలీటర్లు రాసి పంపండి.