ఫైనాన్స్ బండి, వినియోగదారు హక్కు: తక్కువ స్కోరు కారు రుణాలపై ఒక చట్ట పరిశీలన

1. అనుమానం ఎక్కడ మొదలైంది

వాహన రుణాల మీద తెలుగులో వచ్చే న్యాయ వ్యాసాలు దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. సిబిల్ స్కోరు ఎలా పెంచుకోవాలి, ఒప్పందం ఎందుకు చదవాలి, వాయిదా తప్పితే ఏమవుతుంది అన్న మూడు మెట్లు ఎక్కి ఆగిపోతాయి. తప్పంతా అప్పు తీసుకున్నవాడి అజాగ్రత్తదేనన్న తీర్పు వాటిలో ముందే దాగి ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాద్ పాత కార్ల బజార్లలోనూ ఫైనాన్స్ బండ్లు నడుపుకునే వాళ్లతో, ఆ బండ్లు ఇప్పించే మధ్యవర్తులతో మాట్లాడాక నాకు కలిగిన అనుమానం వేరు. ఒప్పందంలో ఏముందో వాళ్లలో చాలామందికి తెలియదన్నది నిజమే. తెలిసినవాళ్ల బండ్లు కూడా అలాగే పోతున్నాయన్నది అంతకంటే పెద్ద నిజం.

చట్టం ఇచ్చిన హక్కులు రెండు కొసల దగ్గర గట్టిగా ఉన్నాయి. ఒకటి సంతకానికి ముందు, రెండోది వినియోగదారు కమిషన్‌లో ఫిర్యాదు వేశాక. ఈ రెంటి నడుమ, సీజింగ్ వాళ్లు బండిని రోడ్డు మీద ఆపి తాళాలు అడిగే క్షణంలో, ఆ హక్కులేవీ చేతికి అందవు. స్కోరు తక్కువైన వాడికి అసలు అవసరం అక్కడే. ఈ ఖాళీని పూడ్చడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదనీ, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51(5)లో రిజిస్టరింగ్ అధికారికి ఆ అధికారం ఇప్పటికే ఉందనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

2. 2020 తీర్పును పట్టుకు వేలాడేవారితో

ఈ రంగంలో వ్యాఖ్యాతలందరూ ఆశ్రయించే చెట్టు ఒకటే: మాగ్మా ఫిన్‌కార్ప్ వర్సెస్ రాజేష్ కుమార్ తివారీ కేసులో సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో ఇచ్చిన తీర్పు. 2002లో హైర్ పర్చేజ్ మీద కొన్న జీపు అది. ఏడు వాయిదాల తర్వాత చెల్లింపులు ఆగాయి, ఫైనాన్షియర్ బండిని స్వాధీనం చేసుకున్నాడు. వాయిదాలన్నీ తీరేదాకా ఫైనాన్షియరే యజమాని అనీ, నోటీసు కావాలా వద్దా అన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుందనీ, నోటీసు లోపం వల్ల నష్టం రుజువు కాకపోతే నామమాత్రపు పరిహారమే దక్కుతుందనీ కోర్టు అన్నది. వినియోగదారు వేదికలు మూడు అంచెల్లో ఇచ్చిన ఉపశమనం దీంతో పోయింది. అప్పటి నుంచి వాహన స్వాధీనం గురించి ఏ వ్యాసం తిరగేసినా ఈ తీర్పుతోనే చర్చ ముగిసిపోతుంది.

ఈ ముగింపుతోనే నా పేచీ. తీర్పు హైర్ పర్చేజ్ ఒప్పందం గురించినది. ఇవాళ తక్కువ స్కోరు వాడికి ఇచ్చే కారు రుణం మామూలుగా రుణం, హైపోథికేషన్ (బండి తాకట్టు) కలిసిన ఒప్పందం. ఆర్‌సీలో యజమానిగా ఉండేది అప్పు తీసుకున్నవాడి పేరు. ఫైనాన్షియర్ పేరు ఎక్కేది హెచ్‌పీ ఎండార్స్‌మెంట్‌లో. యజమాని ఎవరన్న ప్రశ్నకు రవాణా కార్యాలయం రికార్డు ఒక జవాబు చెబుతుంటే, వ్యాఖ్యాతలు 2002 నాటి జీపు నుంచి మరో జవాబు తెస్తున్నారు.

ఈ తేడాను సుప్రీంకోర్టే ఎప్పుడో గుర్తించింది. సుందరం ఫైనాన్స్ వర్సెస్ కేరళ రాష్ట్రం (ఏఐఆర్ 1966) అమ్మకపు పన్ను వివాదం. పత్రం మీద హైర్ పర్చేజ్ అని రాసుకున్నా, కొనేవాడికి డబ్బు సర్దడమే ఉద్దేశమైతే అది అప్పే అవుతుందనీ, బండిని పట్టుకునే హక్కు ఆ అప్పుకు భద్రత మాత్రమేననీ మెజారిటీ తేల్చింది. రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు ఆ తీర్పుతో విభేదించారు. మన వ్యాఖ్యాతలు అరవై ఏళ్ల తర్వాత, తెలిసో తెలియకో, మైనారిటీ పక్షాన నిలబడి మెజారిటీ మాట మర్చిపోయారు.

వాళ్లు మర్చిపోయింది ఇదొక్కటే కాదు. పార్లమెంటు 1972లో హైర్ పర్చేజ్ చట్టం చేసింది. ధరలో చట్టం నిర్ణయించిన వాటా చెల్లించాక వస్తువును కోర్టు ద్వారా తప్ప వెనక్కి తీసుకోకూడదని అందులో ఉంది. ఆ చట్టం ఒక్కరోజు కూడా అమలు కాకుండా 2005లో రద్దయింది. బ్రిటన్‌లో 1974 వినియోగదారు రుణ చట్టం ప్రకారం మూడో వంతు చెల్లించినవాడి దగ్గర నుంచి కోర్టు ఉత్తర్వు లేకుండా బండి తీసుకోలేరు. మన దగ్గర నూటికి తొంభై కట్టినవాడికీ, తొలి వాయిదాకే తప్పినవాడికీ రోడ్డు మీద తేడా లేదు. ఆ తేడాను చట్టం నుంచి తీసేసిన ఘట్టం గురించి ఒక్క వాక్యం రాయకుండా, ఒప్పందం చదువుకోవాలని రుణగ్రహీతకు బోధించడం పరిశోధన అనిపించుకోదు.

ఒప్పందంలో అనుమతి ఉంటే స్వాధీనానికి చట్టపరమైన అడ్డంకి లేదని ఓరిక్స్ ఆటో ఫైనాన్స్ కేసు (2006) చెప్పిన సంగతిని కాదనలేం. అయితే ఆ అనుమతిలోని షరతులను పాటించారా అన్న ప్రశ్న అప్పుడూ మిగిలే ఉంటుంది.

3. ఒకే రిస్కుకు ఎన్ని వసూళ్లు

స్కోరు తక్కువైతే వడ్డీ ఎక్కువ. ఇందులో అన్యాయం లేదనీ, ఎగవేత భయానికి అది ధర అనీ రుణదాతలు అంటారు. ఒప్పుకుందాం. అయితే ఆ ధర ఎంతో చెప్పాలి కదా.

బ్యాంకేతర ఫైనాన్స్ సంస్థలు (ఎన్‌బీఎఫ్‌సీలు) రుణగ్రహీతలను రిస్కును బట్టి ఏ పద్ధతిలో వర్గీకరిస్తున్నాయో, ఒక్కో వర్గానికి ఒక్కో వడ్డీ ఎందుకో దరఖాస్తులోనూ మంజూరు లేఖలోనూ తెలపాలని రిజర్వు బ్యాంకు 2009లోనే ఆదేశించింది. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ రుణాలన్నిటికీ ముఖ్యాంశాల పత్రం, అంటే కేఎఫ్‌ఎస్, తప్పనిసరి. అందులో అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు ఉండాలి. పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి, దాన్ని అతనికి వివరించి సంతకం తీసుకోవాలి. అందులో చూపని చార్జీని అతని స్పష్టమైన సమ్మతి లేకుండా తర్వాత వసూలు చేయకూడదు.

బజారులో మాత్రం లెక్క ఇప్పటికీ ఫ్లాట్ రేటులోనే నడుస్తోంది. మూడు లక్షల అప్పు, మూడేళ్ల గడువు, 14 శాతం ఫ్లాట్ అనుకుందాం. వడ్డీ 1,26,000 రూపాయలు, నెల వాయిదా 11,833. అసలు తగ్గే కొద్దీ వడ్డీ తగ్గే పద్ధతిలో లెక్కిస్తే ఇది ఏడాదికి 24 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, బీమా కలిపితే ఇంకా పైకి పోతుంది. నాతో మాట్లాడినవాళ్లు తమ రేటు చెప్పినప్పుడల్లా ఫ్లాట్ అంకెనే చెప్పారు. వాళ్లకు తెలుగులో ఉన్న కేఎఫ్‌ఎస్ అందిందన్న మాట నా చెవిన పడలేదు.

ఇప్పుడు వాయిదాలు తప్పాయనుకుందాం. ఎగవేత భయానికి ధరగా ఎక్కువ వడ్డీ అప్పటికే కొంత వసూలైంది. తర్వాత బండి పోతుంది. యార్డు అద్దె, సీజింగ్ ఖర్చు ఖాతాలో చేరతాయి. బండి అమ్మిన ధర బాకీకి చాలకపోతే మిగిలినదానికి నోటీసు వస్తుంది. చివర్లో రాజీకి ఒప్పుకుంటే క్రెడిట్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడి, తర్వాతి అప్పుకు వడ్డీ మళ్లీ పెరుగుతుంది. ఒకే రిస్కును వడ్డీగా, బండిగా, మిగులు బాకీగా, స్కోరుగా నాలుగుసార్లు వసూలు చేస్తున్నారు. రిస్కుకు ధర కట్టినవాడు ఆ రిస్కు ఎదురైన రోజున కనీసం ఒక నోటీసుకు, ఒక గడువుకు అర్హుడు. ఇది దయ కాదు, అతను డబ్బిచ్చి కొనుక్కున్నది.

4. సెక్షన్ 51(5): వాడని అధికారం

రిజర్వు బ్యాంకు 2009 ఏప్రిల్‌లో ఇచ్చిన వివరణ ప్రకారం, ఎన్‌బీఎఫ్‌సీల వాహన రుణ ఒప్పందంలో స్వాధీనానికి ముందు ఇచ్చే నోటీసు గడువు, ఆ గడువును మినహాయించే సందర్భాలు, స్వాధీనం చేసుకునే పద్ధతి, అమ్మకానికి ముందు ఇచ్చే ఆఖరి అవకాశం, బండిని తిరిగి అప్పగించే విధానం, వేలం విధానం స్పష్టంగా ఉండాలి. రుణగ్రహీతలకు వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టు ఆదేశం. దౌర్జన్యంతో వసూళ్లు చెల్లవని 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో, బండి స్వాధీనమైనా చట్టబద్ధంగానే జరగాలని 2011లో సిటీకార్ప్ మారుతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పట్నా హైకోర్టు 2023 మేలో మరో అడుగు ముందుకేసి, ఏజెంట్లతో బండ్లు గుంజుకోవడం రాజ్యాంగం 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనని తేల్చి, తప్పుచేసిన సంస్థలకు తలా 50,000 రూపాయల ఖర్చులు విధించింది.

ఆదేశాలకు కొదవ లేదు. వాటిని ఉల్లంఘిస్తే బండి అమ్మకం ఆగే చోటు ఏదన్నదే ప్రశ్న. ఆ చోటు రవాణా కార్యాలయం.

బండిని పట్టుకున్న ఫైనాన్షియర్ దాన్ని అమ్మాలంటే ఆర్‌సీ కావాలి. యజమాని ఆర్‌సీ ఇవ్వకపోతే సెక్షన్ 51(5) కింద, ఫారం 36 ద్వారా, తన పేరిట కొత్త ఆర్‌సీ కోరాలి. ఆ సెక్షన్ రెండు షరతులు పెడుతుంది. ఒప్పందం ప్రకారం వాయిదాలు తప్పినందువల్లే బండిని స్వాధీనం చేసుకున్నానని ఫైనాన్షియర్ రిజిస్టరింగ్ అధికారికి నమ్మకం కలిగించాలి. ఆర్‌సీలో ఉన్న చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, యజమాని చెప్పుకునేది చెప్పుకునే అవకాశం ఆ అధికారి ఇవ్వాలి. ఆ తర్వాత కూడా చట్టం వాడిన క్రియ అనుమతిని సూచించేదే. అధికారి కొత్త ఆర్‌సీ ఇవ్వవచ్చు, ఇచ్చి తీరాలని లేదు.

ఒప్పందం ప్రకారం స్వాధీనం జరిగిందని నమ్మాలంటే ఒప్పందాన్ని చూడాలి. అందులో నోటీసు షరతు ఉండాలని రిజర్వు బ్యాంకు చెప్పింది కాబట్టి, నోటీసు వెళ్లిందా అని అడగాలి. అడిగే హక్కు అధికారికి ఉందనడం చాలదు, అడగకపోతే అతను చట్టం చెప్పిన పని చేయనట్టే. మాగ్మా తీర్పు చర్చించింది పరిహారాన్ని. రిజిస్టరింగ్ అధికారి నమ్మకం కుదుర్చుకోవలసిన బాధ్యతను అది తగ్గించలేదు. కానీ నేను విన్నంతలో ఈ దశ ఒక స్టాంపు, ఒక రసీదుతో ముగుస్తోంది. అద్దె ఇళ్లు మారే డ్రైవరుకు పాత చిరునామాకు వెళ్లిన నోటీసు అందదు. అప్పు ఇచ్చే రోజునే, యాజమాన్య బదిలీకి వాడే ఖాళీ ఫారం 29, 30ల మీద సంతకాలు తీసుకుని పెట్టుకుంటున్నారని మధ్యవర్తులే చెప్పారు. అలాంటప్పుడు జప్తు చేసిన బండి స్వచ్ఛందంగా అమ్మిన బండిలా చేతులు మారుతుంది, 51(5) ప్రస్తావనే రాదు.

5. కమిషన్ దాకా దూరం

2019 వినియోగదారు రక్షణ చట్టం ఇచ్చినవి చిన్న హక్కులేమీ కావు. ఫిర్యాదుదారు తానున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. స్వయం ఉపాధితో బతకడానికి తానే నడుపుకునే ట్యాక్సీ వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉన్నా కమిషన్‌కు వెళ్లే దారి మూసుకుపోదని, తెలంగాణ హైకోర్టు నుంచి వెళ్లిన హేమలతాదేవి కేసులో 2023లో సుప్రీంకోర్టు ధ్రువీకరించింది.

అయితే చట్టంలోనే ఒక ముడి ఉంది. ఉల్లంఘనకు మించిన జరిమానా, ఏకపక్షంగా రద్దు చేసుకునే హక్కు వంటివి ‘అన్యాయమైన ఒప్పందం’ నిర్వచనంలోకి వస్తాయి. ఆ ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో చెల్లదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. ఆదిలాబాద్ డ్రైవరు తన ఒప్పందమే అన్యాయమని వాదించాలంటే హైదరాబాద్ రావాలి. అప్పటికి బండి చేతిలో లేదు, ఆ రోజు కిరాయీ లేదు. క్రెడిట్ రిపోర్టు తప్పులకు 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. స్కోరులో తప్పుకు గడువు, జరిమానా రెండూ నిర్ణయించిన వ్యవస్థ బండి విషయంలో తప్పుకు ఏదీ నిర్ణయించలేదు.

6. తేలినది, చేయవలసినది

ప్రతి స్వాధీనానికీ ఇన్ని షరతులు పెడితే తక్కువ స్కోరు వాళ్లకు అప్పే పుట్టదన్న అభ్యంతరంలో కొంత పస ఉంది. కానీ నోటీసు పంపడానికి అయ్యే పోస్టు ఖర్చుకు భయపడి వ్యాపారం మానుకునే ఫైనాన్షియర్ ఉంటాడని నేననుకోను. ఇది కార్లకే పరిమితమైన విషయమూ కాదు. ట్రాక్టరు, ఆటో, ఫోను దాకా స్కోరును బట్టి ధర కట్టే ప్రతి అప్పులోనూ ఇదే సూత్రం నడుస్తోంది. పేదవాడి రిస్కుకు ధర కట్టడం నేర్చిన మార్కెట్, ఆ ధరకు బదులుగా అతనికి ఏమి ఇవ్వాలో నేర్చుకోలేదు.

సూక్ష్మ రుణాల వసూళ్ల మీద 2010లో ఆర్డినెన్సు తెచ్చిన నేల ఇది. వాహన రుణాలకు అంత కూడా అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖల కమిషనర్లు చెరొక సర్క్యులర్ ఇస్తే చాలు. ఫారం 36తో పాటు స్వాధీనానికి ముందు పంపిన నోటీసు అందినట్టు రుజువు, తెలుగులో సంతకమైన కేఎఫ్‌ఎస్, అమ్మకానికి ముందు ఇచ్చిన ఆఖరి అవకాశం లేఖ జతపరచాలి. యజమానికి వెళ్లే నోటీసును ఆర్‌సీకి అనుసంధానమైన ఫోనుకు కూడా పంపాలి. ఈ మూడు కాగితాలు లేని దరఖాస్తును తిరస్కరించే అధికారం రిజిస్టరింగ్ అధికారికి ఇవాళే ఉంది. దాన్ని వాడమని రెండు ప్రభుత్వాలూ ఆదేశించాలి.