ఎక్వియానో గృహస్థాశ్రమం

1792 ఏప్రిల్ 7వ తేదీన ఇంగ్లండులోని సోహమ్ అనే చిన్న ఊరి చర్చిలో ఒక పెండ్లి జరిగింది. వధువు సుసానా కల్లెన్, ఆంగ్లవనిత. వరుడు ఆఫ్రికా సంతతివాడు, పూర్వం బానిస. అతడు వాడుకలో పెట్టుకొన్న పేరు గస్టావస్ వాసా. అది ఒక స్వీడన్ రాజు పేరు. బాల్యంలో తన్ను కొన్న నౌకాధికారి పెట్టినది. వద్దంటే దెబ్బలు పడ్డవి. అయితే 1789లో ప్రకటించిన ఆత్మకథ ముఖపత్రంపై ఆ పేరుకంటె ముందు ఒలాడా ఎక్వియానో అన్న పేరు నిలిపి, తాను ఆఫ్రికావాడనని చాటుకొన్నాడు.

బానిస వ్యాపారంపై ఇతడు సాగించిన పోరాటాన్ని పలువురు వర్ణించారు. మేము ఇక్కడ తలచుకొనదలచినది ఇతని సంసారాన్ని. బానిసకు అన్నిటికంటె ముందు దూరమయ్యేది అదే కదా!

తన్నూ, తన ఒక్కగానొక్క సోదరినీ ఇంటినుంచి ఎత్తుకొనిపోయారని ఆత్మకథలో వ్రాశాడు. విడిపోయిన ఆ ఇద్దరూ దారిలో ఒకనాడు మళ్లీ కలిశారు. ఆ రాత్రి యజమాని వారి నడుమ పడుకొంటే, అతని ఱొమ్ముమీదుగా ఒకరి చేతులొకరు పట్టుకొని తెల్లవార్లూ గడిపారట. ఉదయాన విడదీశారు.

తరువాత వెస్టిండీసు ఓడలలో పనిచేస్తూ, బానిస స్త్రీలపై తెల్లవారు జరిపే అత్యాచారాలు చూసి కూడా అడ్డుపడలేకపోయానని ఒప్పుకొన్నాడు. మగవానికి ఈ మాట వ్రాయడం సులభం కాదు. యుద్ధనౌకల మీది సాహసాలను వర్ణించిన పుటలకంటె ఈ కొద్ది వాక్యాలే మాకు గొప్పవిగా తోచాయి.

మూడు పెన్నీలతో ఒక దీవిలో గాజు గ్లాసు కొని, మరొక దీవిలో ఆరు పెన్నీలకు అమ్మాడు. అలా మొదలుపెట్టి, 1766 జూలైలో 40 పౌన్లు చెల్లించి తన్ను తాను కొనుక్కొన్నాడు. సొమ్ము ఇంత త్వరగా చేకూరుతుందని తెలిస్తే మాటే ఇచ్చేవాణ్ని కానన్నాడట యజమాని రాబర్ట్ కింగ్!

నల్లవారూ తెల్లవారూ బాహాటంగా ఎందుకు పెండ్లాడరాదని 1788లోనే ఇతడు పత్రికాముఖంగా వాదించాడు. నాలుగేండ్లకు ఆచరించాడు. అయితే దీన్ని ప్రణయకావ్యంగా ఊహించుకోనక్కరలేదు. పెండ్లికి కొద్దివారాల ముందు ఒక మిత్రునికి వ్రాస్తూ, భార్యతో ఎనిమిదో పదో రోజులుండి, పుస్తకాలు అమ్మడానికి స్కాట్లండు పోతానన్నాడు. కూడబెట్టనివాడు ఇల్లు నిలుపలేడన్న పాఠం గాజుగ్లాసు నాడే వంటబట్టింది కాబోలు.

ఇంతకూ ఇతడు ఎక్కడివాడు? 1759 నాటి జ్ఞానస్నానపు నమోదులోనూ, 1773 నాటి ఉత్తరధ్రువ యాత్ర ఓడ పట్టికలోనూ జన్మస్థలం అమెరికాలోని కారొలైనా అని ఉంది. చరిత్రకారుల వాదం తెగలేదు. ఒకవేళ అదే నిజమైతే, ఆ సోదరి కథ అతడు ఇతరుల నోట విన్నదై ఉండాలి. అలా విడిపోయిన తోబుట్టువులు ఎందరో ఉన్నారు గనుక, ఆ కథకు విలువ తగ్గుతుందని మేమనుకోము.

1793లో ఆనా మేరియా, 1795లో జొవానా పుట్టారు. 1796లో సుసానా మరణించింది. 1797 మార్చిలో ఎక్వియానో, ఆ జూలైలో నాలుగేండ్లైనా నిండని పెద్దకూతురూ పోయారు. కేంబ్రిడ్జి దగ్గర చెస్టర్టన్ చర్చి గోడమీద ఆ పాప స్మారకఫలకం ఉంది. తండ్రి ఆఫ్రికా జాతిలో పుట్టినవాడని అందులోని పద్యం బాటసారికి చెబుతుంది. 1816లో జొవానాకు 21 ఏండ్లు నిండినప్పుడు తండ్రి ఆస్తి 950 పౌన్లు ఆమె చేతికి వచ్చింది.